డెస్క్‌టాప్ రూపం ఎవరి చేతిలో? – అలంకరణ, అనువాదాల ఉమ్మడి చరిత్ర

వ్యాససంగ్రహం

కంప్యూటర్ డెస్క్‌టాప్ రూపాన్ని, పనితీరును వినియోగదారుడు తనకు అనువుగా మార్చుకోవడానికి తోడ్పడే సాఫ్ట్‌వేర్‌కు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. సాధారణంగా దీనిని వాల్‌పేపర్లు, థీమ్‌లు, ఐకాన్ల కథగానే చూస్తారు. రూపాన్ని ప్రోగ్రామ్ నుంచి వేరుచేసిన సాంకేతిక నిర్ణయమే అలంకరణకూ, స్థానిక భాషల్లోకి అనువాదానికీ ఒకే ద్వారం తెరిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1984 నాటి మాకింటాష్ మొదలుకొని ఎక్స్ విండో వ్యవస్థ, విండోస్, గ్నోమ్ వరకు ఆ ద్వారం ఎలా తెరుచుకుందో, ఎందుకు మూసుకుందో, ఆ పరిణామంలో తెలుగు లిపికి దక్కిన చోటు ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డెస్క్‌టాప్, థీమ్, మాకింటాష్, ఎక్స్ విండో, విండోస్, గ్నోమ్, స్థానికీకరణ, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

ఇల్లు ఎవరు కట్టినా, దీపం ఏ గూటిలో పెట్టాలో, మంచం ఏ మూల వేయాలో నిర్ణయించుకునేది అందులో కాపురం ఉండేవారే. కంప్యూటర్ తెర విషయంలో ఈ నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు స్థిరమైన సమాధానం ఇప్పటికీ లేదు. కంపెనీలు, స్వచ్ఛంద నిర్మాతలు, వినియోగదారులు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం చెప్పారు.

తెరను పనిబల్లగా ఊహించే ఆలోచన 1970లలో జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. అలన్ కే వంటి పరిశోధకులు దీనికి పునాది వేశారు. 1973 నాటి ఆల్టో యంత్రంలో మొదలైన ప్రయోగాలు 1981లో విడుదలైన జిరాక్స్ స్టార్‌లో పరిపక్వ రూపం పొందాయి. కాగితం, సంచిక, పెట్టె వంటి కార్యాలయ వస్తువులు స్టార్ తెరపై బొమ్మలుగా కనిపించాయి. ఒక్కో వస్తువు లక్షణాలను చూపి, వాటిని మార్చుకోనిచ్చే పత్రాలు కూడా అందులో ఉన్నాయి. అంటే ఈ ఊహ రూపొందిన తొలినాళ్ల నుంచే బల్ల మీది వస్తువులను సవరించుకునే అవకాశం దానిలో భాగంగా ఉంది. ఆ అవకాశం ఎంతవరకు అన్నదే తర్వాతి చరిత్ర అంతటా వివాదాంశమైంది.

2. మాకింటాష్: అరవైనాలుగు చుక్కల స్వేచ్ఛ

1984 జనవరిలో వచ్చిన మాకింటాష్ తెర 9 అంగుళాలది. నలుపు తెలుపులు తప్ప వేరే రంగు లేదు. అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు. ఇంత చిన్న తెరలోనూ బల్ల నేపథ్యాన్ని మార్చుకునే వీలుండేది. సూసన్ కేర్ రూపకల్పన చేసిన కంట్రోల్ ప్యానెల్‌లో ఎనిమిది వరుసల్లో ఎనిమిదేసి చుక్కలున్న చిన్న గడి ఉండేది. ఆ 64 చుక్కల్లో ఏది నల్లగా, ఏది తెల్లగా ఉండాలో వినియోగదారుడు ఎంచుకుంటే ఆ నమూనా తెర అంతటా పరుచుకునేది. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసేవారికి ఈ పద్ధతిని వివరించనవసరం లేదు.

దీనికన్నా దూరం వెళ్లిన నిర్ణయం మరొకటి మాకింటాష్ అంతర్నిర్మాణంలో ఉంది. బ్రూస్ హార్న్ రూపొందించిన రిసోర్స్ మేనేజర్ అనే ఏర్పాటు వల్ల ప్రోగ్రామ్‌లోని మెనూ పదాలు, ఐకాన్లు, సంభాషణ పెట్టెలు, అక్షరాల రూపాలు అన్నీ సూచనల కోడ్ నుంచి వేరుగా భద్రమయ్యేవి. కోడ్‌ను ముట్టుకోకుండానే మెనూ మాటలను మరో భాషలోకి మార్చడం దీనివల్ల సాధ్యపడింది. 1986లో జపనీస్ భాషకు కంజిటాక్ పేరుతో ప్రత్యేక మాకింటాష్ వ్యవస్థ వెలువడింది.

వేరుచేసి పెట్టినదానిని అనువాదకుడే కాక ఎవరైనా అందుకోవచ్చు. రెస్‌ఎడిట్ అనే ఆపిల్ ఉపకరణం ప్రోగ్రామర్ల కోసం తయారైనా సాధారణ వినియోగదారుల చేతికీ చేరింది. దానితో చెత్తబుట్ట బొమ్మను మార్చినవారున్నారు, మెనూల్లో తమకిష్టమైన మాటలు చేర్చుకున్నవారున్నారు. అనువాదం కోసం తెరిచిన తలుపులోంచే అలంకరణ కూడా లోపలికి వచ్చింది. ఈ వ్యాసం ప్రతిపాదించే ఉమ్మడి చరిత్రకు ఇది తొలి నిదర్శనం.

1990లలో గ్రెగ్ లాండ్‌వెబర్, ఆర్లో రోజ్ రూపొందించిన కలైడోస్కోప్ ఈ మార్గంలోనే విండోల అంచులు, బటన్లు, స్క్రోల్ పట్టీలు సహా మాకింటాష్ రూపాన్ని సమూలంగా మార్చింది. ఆపిల్ సంస్థ కూడా తన తర్వాతి వ్యవస్థలో థీమ్‌లు ఇవ్వాలని సంకల్పించింది. 1998లో వచ్చిన మాక్ ఓఎస్ 8.5లో అందుకు కావలసిన యంత్రాంగం సిద్ధంగా ఉన్నప్పటికీ, ముందుగా ప్రదర్శించిన అదనపు థీమ్‌లను తుది విడుదలలో చేర్చలేదు. 2001లో మాక్ ఓఎస్ ఎక్స్ ఆక్వా అనే ఏకైక రూపంతో వచ్చింది. నీలం, గ్రాఫైట్ అనే రెండు వర్ణాల మధ్య ఎంపిక మాత్రమే మిగిలింది. 64 చుక్కలను ఇష్టం వచ్చినట్లు అమర్చుకోనిచ్చిన సంస్థ 17 ఏళ్ల తర్వాత రెండు రంగుల్లో ఒకటి ఎంచుకోమంది.

దీని వెనుక వ్యాపార కారణమూ ఉంది. రూపం సంస్థ ఆస్తి అన్న భావన ఆపిల్‌లో అప్పటికే బలపడింది. విండోస్ తన రూపాన్ని అనుకరించిందని 1988లో మైక్రోసాఫ్ట్‌పై ఆపిల్ దావా వేసింది. 189 దృశ్యాంశాలను అందులో పేర్కొంది. 1994లో అప్పీలు న్యాయస్థానం కూడా ఆపిల్ వాదనను తిరస్కరించింది. తెర రూపాన్ని సంస్థకు చెందిన ముద్రగా భావించినప్పుడు దానిని వినియోగదారుడు మార్చడం ఆ ముద్రను చెరపడంగానే కనిపిస్తుంది.

3. ఎక్స్ విండో: విధానం చెప్పని యంత్రాంగం

ఇదే కాలంలో విశ్వవిద్యాలయాల్లో పూర్తిగా భిన్నమైన దృక్పథం రూపొందింది. 1984లో ఎం.ఐ.టి.లో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ తదితరులు ప్రారంభించిన ఎక్స్ విండో వ్యవస్థ 1987 నాటికి పదకొండవ రూపాంతరానికి చేరింది. తెరపై గీయడానికి కావలసిన యంత్రాంగాన్ని సమకూర్చడం, అది ఎలా కనిపించాలన్న విధానాన్ని మాత్రం ఇతరులకు వదిలివేయడం దీని మూల సూత్రం. విండో చుట్టూ అంచు గీయడం, దానిని కదిలించడం, మూయడం వంటి పనులు కూడా ఎక్స్‌లో భాగం కావు. విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్ వాటిని చేస్తుంది. అది నచ్చకపోతే తీసివేసి మరొకటి పెట్టుకోవచ్చు.

దీనివల్ల టీడబ్ల్యూఎం, ఎఫ్‌వీడబ్ల్యూఎం, ఆఫ్టర్‌స్టెప్, ఎన్‌లైటెన్‌మెంట్ వంటి విండో మేనేజర్లు పుట్టుకొచ్చాయి. వీటిలో చాలావాటి రూపాన్ని సాదా పాఠ్య ఫైళ్లలో రాసిపెట్టుకునేవారు. ఒకరు రాసుకున్న ఫైలును మరొకరు తెచ్చుకుని సవరించుకునేవారు. రాతప్రతిని ఎత్తిరాసుకుంటూ తనకు తోచిన పాఠాన్ని చేర్చిన లేఖకుల సంప్రదాయంతో దీనిని పోల్చవచ్చు.

ఈ స్వేచ్ఛకు ఒక మూల్యం ఉంది. ఒకే తెరపై పక్కపక్కనే ఉన్న రెండు ప్రోగ్రామ్‌ల మెనూలు, బటన్లు, మీటల పనితీరు వేర్వేరుగా ఉండేవి. కొత్తగా నేర్చుకునేవారికి ఇది అయోమయం కలిగించేది. 1996 అక్టోబరులో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ ఈ అస్తవ్యస్తతనే ఎత్తిచూపుతూ కె.డి.ఇ. ప్రాజెక్టును ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది మిగెల్ డె ఇకాజా, ఫెడెరికో మెనా గ్నోమ్ ప్రాజెక్టును ప్రారంభించారు. ఈ రెండూ తెరకు పొందిక తెచ్చాయి. పొందికను తెస్తూనే థీమ్‌లను, అనువాదాలను ప్రోగ్రామ్ కోడ్‌కు వెలుపల ఉంచాయి. 1995లో వెలువడిన గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఆంగ్ల వాక్యం ఒక వరుసలో, అనువాదం దాని కింది వరుసలో ఉండే ఫైళ్లు తయారయ్యాయి. ప్రోగ్రామింగ్ రాని వ్యక్తి కూడా వాటిని తెరిచి తన భాషలో పూరించవచ్చు. మాకింటాష్‌లో కనిపించిన ఉమ్మడి ద్వారం ఇక్కడ మరింత విశాలంగా తెరుచుకుంది.

4. విండోస్: మరచిన తలుపులు, సంతకాల తాళాలు

మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఈ చరిత్ర మరో విధంగా సాగింది. 1992 నాటి విండోస్ 3.1లో రంగుల సమూహాలను ఎంచుకునే వీలుండేది. ఎరుపు, పసుపు రంగులు కలిసి కళ్లు చెదరగొట్టే హాట్ డాగ్ స్టాండ్ వాటిలో ఒకటి. ఆ రంగుల సంఖ్యలు ఒక సాదా పాఠ్య ఫైలులో నిక్షిప్తమయ్యేవి. అటువంటిదే మరో ఫైలులో, కంప్యూటర్ తెరుచుకోగానే కనిపించాల్సిన ప్రధాన ప్రోగ్రామ్ పేరు ఒక పంక్తిలో ఉండేది. ఆ పంక్తిని మారిస్తే మైక్రోసాఫ్ట్ తెర స్థానంలో వేరొకరి తెర వచ్చేది. లైట్‌స్టెప్ వంటి ప్రత్యామ్నాయ తెరలు 1990ల చివర ఈ అవకాశాన్నే వినియోగించుకుని, యునిక్స్ లోకంలోని ఆఫ్టర్‌స్టెప్ రూపాన్ని విండోస్‌కు తెచ్చాయి.

1995 ఆగస్టులో విండోస్ 95తోపాటే వెలువడిన ప్లస్ అనే అదనపు ప్యాకేజీలో డెస్క్‌టాప్ థీమ్‌లను విడిగా వెల కట్టి అమ్మారు. అలంకరణ అంగడి సరుకైంది. స్టార్‌డాక్ సంస్థ విండోబ్లైండ్స్‌తో విండోల అంచులను, బటన్లను మార్చే వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు అనధికారికంగా అందించిన ట్వీక్ యూఐ దాచి ఉంచిన ఎన్నో అమరికలను బయటపెట్టింది. ఒకే సంస్థ అమ్మకం, అనుమతి, ఉపేక్ష అనే మూడు పద్ధతులనూ ఏకకాలంలో పాటించింది.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ ఈ పరిణామంలో మలుపు. అందులో రూపమంతటినీ ఒక ప్రత్యేక ఫైలులో ఉంచే విజువల్ స్టైల్ వ్యవస్థ ప్రవేశించింది. అయితే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్లను మాత్రమే వ్యవస్థ అంగీకరించేది. నీలం, ఆలివ్, వెండి వర్ణాల్లో లూనా రూపం సంస్థ ఇచ్చినది. వేరే రూపం కావాలనుకున్నవారు సంతకాన్ని పరీక్షించే వ్యవస్థ ఫైలునే సవరించుకోవలసి వచ్చింది. కొత్త అప్‌డేట్ వచ్చి ఆ ఫైలును మార్చితే సవరణ చెడిపోయేది. ఇల్లు తనదే అయినా గోడకు మేకు కొట్టడానికి దొంగచాటుగా పనిచేయవలసిన స్థితి అది.

సంస్థల పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. 2003లో ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్ రూపొందించిన కాన్‌ఫాబ్యులేటర్ గడియారం, వాతావరణం వంటి చిన్న ఉపకరణాలను తెరపై నిలిపింది. 2005లో ఆపిల్ డాష్‌బోర్డ్, 2007లో విండోస్ విస్టా సైడ్‌బార్ ఇదే తరహా ఏర్పాట్లను వ్యవస్థలో భాగం చేశాయి. 2012 జులైలో విండోస్ గ్యాడ్జెట్లలో భద్రతా లోపాలున్నాయని, వాటిని నిలిపివేయమని మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించింది. తెరను అలంకరించే ప్రతి ఉపకరణం తెర వెనుక నడిచే ప్రోగ్రామే. అది ఎవరు రాశారో తెలియనప్పుడు ప్రమాదం ఊహాజనితం కాదు.

5. ఏకరూపత వాదం, ప్రతివాదం

తెరను మూయాలనే వాదన కంపెనీలకే పరిమితం కాలేదు. 2002లో వెలువడిన గ్నోమ్ 2 తన అమరికలను గణనీయంగా తగ్గించింది. ప్రతి అమరికకూ ఒక వెల ఉంటుందని, అది కోడ్‌ను క్లిష్టపరుస్తుందని, పరీక్షించవలసిన స్థితులను పెంచుతుందని, వినియోగదారుణ్ని తికమక పెడుతుందని ఆ ప్రాజెక్టులో ప్రముఖుడైన హావోక్ పెన్నింగ్టన్ వాదించాడు. 2005లో లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించి, కె.డి.ఇ. వాడమని బహిరంగంగా సూచించాడు. వినియోగదారులను తెలివితక్కువవారిగా భావించడం తగదన్నది ఆయన విమర్శ సారాంశం.

2011లో గ్నోమ్ 3 పాత బల్ల అమరికను సమూలంగా మార్చింది. నచ్చనివారు పాత కోడ్‌ను తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు. లినక్స్ మింట్ నిర్మాతలు సినమన్‌ను రూపొందించారు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తొలగించినప్పుడూ ఇటువంటి అసంతృప్తే రేగింది. అక్కడ పాత కోడ్‌ను తీసుకుని కొనసాగించే హక్కు ఎవరికీ లేదు. క్లాసిక్ షెల్, స్టార్ట్8 వంటి ఉపకరణాలతో పైపైన సర్దుకోవడమే సాధ్యమైంది. ఒకే రకమైన అసంతృప్తి ఒకచోట కొత్త ఇంటికి దారితీసింది, మరోచోట అద్దె ఇంటి సర్దుబాటుగా మిగిలింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ బటన్‌ను తిరిగి ఇచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11 మళ్లీ టాస్క్‌బార్‌ను తెర పక్క అంచులకు, పై అంచుకు తరలించే వీలును తొలగించి విడుదలైంది.

2019లో గ్నోమ్ అనువర్తన నిర్మాతలు కొందరు ఒక బహిరంగ లేఖ రాశారు. లినక్స్ పంపిణీదారులు తమ అనువర్తనాలకు సొంత థీమ్‌లు తొడగవద్దని అందులో కోరారు. తాము పరీక్షించని థీమ్ వల్ల అక్షరాలు కనిపించకపోయినా, ఐకాన్ అర్థం మారినా ఫిర్యాదు తమకే వస్తుందన్నది వారి ఆవేదన. ఈ వాదనలో న్యాయముంది. ఆ లేఖ వ్యక్తిగత వినియోగదారుల సవరణలను వ్యతిరేకించలేదన్న విషయాన్ని కూడా గమనించాలి. 2022లో గ్నోమ్ 42తో వచ్చిన కొత్త సాంకేతిక పునాది వల్ల దానిపై నిర్మితమైన అనువర్తనాలు ఇతర థీమ్‌లను సులభంగా స్వీకరించడం తగ్గింది. 2024లో గ్నోమ్ 47 కొన్ని వర్ణాల మధ్య ఎంపికను ఇచ్చింది. ఆపిల్ 2001లో చేరిన చోటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా వేరే దారిలో చేరువవుతున్నదనిపిస్తుంది. వర్ణం ఇవ్వవచ్చు, నిర్మాణం ఇవ్వరాదు అన్నది రెండింటి ఉమ్మడి ఫలితం.

6. తెలుగు తెర

ఈ వివాదాన్ని తెలుగు లిపి వైపు నుంచి చూస్తే దాని గాఢత మరింత స్పష్టమవుతుంది. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపగలిగింది. అయితే చూపగలగడం వేరు, చదవదగినట్లు చూపడం వేరు. మెనూలు, శీర్షిక పట్టీల ఎత్తు మొదట లాటిన్ అక్షరాలను దృష్టిలో ఉంచుకుని నిర్ణయమైంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. అదే ఎత్తులో ఇమడాలంటే అక్షరం కుంచించుకుపోవాలి, లేదా ఒత్తులు తెగిపోవాలి.

దీనికి వినియోగదారుని చేతిలో ఒక పరిష్కారం ఉండేది. విండోస్ 7 వరకు ఉన్న సవివర రూప అమరికల పెట్టెలో శీర్షిక పట్టీ, మెనూ, ఐకాన్ వంటి ఒక్కో అంశానికి వేర్వేరుగా ఫాంటును, పరిమాణాన్ని నిర్ణయించుకోవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 వంటి ఫాంట్లను స్థాపించుకుని మెనూలకు వాడుకునే మార్గం ఆ పెట్టె ద్వారానే ఉండేది. విండోస్ 8లో ఆ పెట్టె తొలగిపోయింది. పరిమాణం మార్చే అవకాశం మాత్రం కొంతకాలం మిగిలి, 2017 నాటి విండోస్ 10 రూపాంతరంలో అదీ పోయింది. 2018లో అక్షరాలన్నింటినీ ఒకేసారి పెంచే కొత్త మీట వచ్చింది. ఈలోగా విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ ఫాంటు భారతీయ లిపులను తెరకు అనువుగా చూపడంలో మెరుగైనదే. మెరుగుదల వచ్చింది, కాని అది సంస్థ ఎంచి ఇచ్చినది. వినియోగదారుని ఎంపిక దానికి బదులుగా పోయింది.

అనువాదంలోనూ ఈ రెండు మార్గాలు కనిపిస్తాయి. విండోస్ 7 కాలానికి మైక్రోసాఫ్ట్ తెలుగు లాంగ్వేజ్ ఇంటర్‌ఫేస్ ప్యాక్‌ను ఉచితంగా అందించింది. ఎక్కువగా వాడే భాగాలు తెలుగులోకి వచ్చి, మిగిలినవి మూలభాషలోనే ఉండేవి. లినక్స్ వైపు గ్నోమ్, కె.డి.ఇ.లను తెలుగు అనువాదకులు గెట్‌టెక్స్ట్ ఫైళ్ల ద్వారా అనువదించారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో లినక్స్ పంపిణీని రూపొందించింది. డెబియన్ వంటి పంపిణీల్లో పోతన, వేమన ఫాంట్లు చేరాయి.

ఇందులో పరిభాషా సమస్య ఒకటుంది. లినక్స్ అనువాదాల్లో ఫైలును దస్త్రం అన్నారు. నిత్యవ్యవహారంలో తెలుగువారు ఫైలనే అంటారు. కార్యాలయ వ్యవహారంలో స్థిరపడిన దస్త్రం అన్న పదానికి కొత్త జీవం ఇవ్వడం మంచిదా, వాడుకలోని ఫైలును అంగీకరించడం మంచిదా అన్నది భాషావేత్తలు చర్చించవలసిన విషయం. ఇక్కడ గుర్తించవలసినది వేరు. గెట్‌టెక్స్ట్ ఫైలు అందుబాటులో ఉన్నచోట ఒక అధ్యాపకుడు గానీ విద్యార్థి గానీ ఆ పదాన్ని మార్చి, తన తెరపై పరీక్షించి, మార్పును ప్రతిపాదించగలడు. అందుబాటులో లేనిచోట నచ్చని పదంతో సర్దుకోవాలి, లేదా ఆంగ్లానికి తిరిగి వెళ్లాలి.

ఈ స్వేచ్ఛను అతిగా ఊహించుకోరాదు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఇల్లు నిండదు. ప్రతి కొత్త రూపాంతరంలో కొత్త వాక్యాలు చేరుతాయి. అనువదించేవారు లేకపోతే తెర సగం తెలుగుగా, సగం ఆంగ్లంగా మిగులుతుంది. స్వచ్ఛంద కృషి తగ్గినప్పుడు తెరిచిన వ్యవస్థ కన్నా మూసిన వ్యవస్థే నిండైన తెలుగును ఇవ్వవచ్చు కూడా.

7. ముగింపు

డెస్క్‌టాప్‌ను మార్చుకునే సాఫ్ట్‌వేర్ చరిత్రను పరిశీలించినప్పుడు మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, రూపాన్ని కోడ్ నుంచి వేరుచేసిన ప్రతి వ్యవస్థలోనూ అలంకరణ, అనువాదం జంటగా సాధ్యమయ్యాయి. మాకింటాష్ రిసోర్సులు, లినక్స్ లోకంలోని థీమ్, గెట్‌టెక్స్ట్ ఫైళ్లు దీనికి ఉదాహరణలు. రెండవది, తలుపు మూయడానికి చూపిన కారణాలలో భద్రత, పొందిక, నిర్వహణ భారం వంటివి నిజమైనవే. సంస్థ ముద్రను కాపాడుకోవాలన్న ఆసక్తి వాటితో కలిసిపోయి ఉండటం వల్ల రెండింటినీ విడదీసి చూడటం అవసరం. మూడవది, లాటిన్ లిపి వాడేవారికి అభిరుచిగా కనిపించే అమరిక, ఒత్తులు, గుణింతాలు ఉన్న లిపి వాడేవారికి చదవగలగడానికి సంబంధించిన అవసరం కావచ్చు. ఒక అమరికను తొలగించేటప్పుడు దానిని ఎంతమంది వాడుతున్నారన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఎవరు, ఎందుకు వాడుతున్నారన్నది కూడా అడగాలి.

తెలుగు కంప్యూటింగ్ చరిత్రను ఇప్పటివరకు ప్రధానంగా ఫాంట్లు, కీబోర్డులు, యూనికోడ్ కోణంలో చూడటం జరిగింది. మెనూ మాటలు, శీర్షిక పట్టీల ఎత్తు, అమరికల పెట్టెలు కూడా ఆ చరిత్రలో భాగమే. పాత రూపాంతరాలలోని తెలుగు అనువాద ఫైళ్లను సేకరించి, వాటిలోని పదాల మార్పును కాలక్రమంలో పరిశీలిస్తే ఆధునిక తెలుగు పరిభాషా నిర్మాణ చరిత్రకు విలువైన ఆధారాలు లభిస్తాయి. ఆ పని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగినది.